కెప్టెన్ లియో సంస్మరణ సభ

ఆ ఉదయం సవేరియో పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆదివారం సాయంత్రం క్లబ్బు హాల్లో చిన్ననాటి కార్టూన్ చివరి భాగం తెర మీద వేయాలి. దానికి చిన్ననాటి నేస్తం కోసిమో వచ్చేలా చూడాలి. రెండోదే కష్టం. ఆ కార్టూన్లో ఇనుప రాకాసి అనే పెద్ద మరమనిషిని నడిపే కెప్టెన్ లియో ఫెర్రాంతే చివర్లో చచ్చిపోయాడని సవేరియో, చావలేదని కోసిమో ఏళ్ల కిందట ఒక పెళ్లి విందులో పట్టుబట్టి, అప్పటినుంచీ మాటలు మానేశారు. లియో ఫెర్రాంతే అన్నది ఆ జపాన్ కార్టూన్ వీరుడికి ఇటలీ టీవీ వాళ్లు తగిలించిన పేరు.

"ఫోన్ చేసి రమ్మనొచ్చుగా," అంది భార్య మిరెల్లా.

"నేనెందుకు చెయ్యాలి? వాడే పరుగెత్తుకొస్తాడు చూడు."

ఆ ఊళ్లో ఎవరు పోయినా నల్ల అంచు కాగితం గోడల మీదికెక్కుతుంది. సవేరియో అచ్చాఫీసుకెళ్లి అలాంటిదే ఒకటి వేయమన్నాడు: 'కెప్టెన్ లియో ఫెర్రాంతే. ఆకాశంలో వీరమరణం పొందారు. ఆదివారం సాయంత్రం క్లబ్బులో మిత్రుల సంస్మరణ.' కోసిమో ఇంటి ఎదుట అంటిస్తే వాడు మండిపడి వస్తాడని ఆశ. ఒక్కటి చాలని చెప్పడం మరిచిపోయాడు. అచ్చాఫీసువాళ్లు అలవాటు కొద్దీ మధ్యాహ్నానికల్లా ఊరంతా అంటించేశారు.

పోయినవాడెవరో తెలియదనడం అక్కడ పెద్ద నామోషీ. రొట్టెల కొట్టు దగ్గర ఇమ్మాకొలాతా అవ్వ కళ్లొత్తుకుంది.

"బంగారం లాంటి పిల్లాడు. నా చేతి వంకాయ కూర తిని పెరిగాడు."

"ఏ ఫెర్రాంతేలు అవ్వా?" అన్నారెవరో.

"ఇంకే ఫెర్రాంతేలు? స్టేషన్ వెనక వాళ్లు."

స్టేషన్ వెనక ఆలివ్ తోట తప్ప ఏమీ లేదు. అయినా అందరూ తలూపారు.

ఆదివారం పొద్దున ఫాదర్ ఒరోంజో పూజలో పేరు చదివేసి, చర్చి గుమ్మం దగ్గర సవేరియోని పట్టుకున్నాడు. "విమానదళంలో చేశాడటగా. నాకు ముందే చెప్పొద్దా?"

"ఫాదర్, అసలు అతను..."

"నోట మాట రావడం లేదు, పాపం. ఊరుకో నాయనా."

సాయంత్రానికి హాలంతా నల్లబట్టలు. పురపాలక సంఘం పంపిన పూలచక్రం తెర పక్కన నిలబడింది. కోసిమో జాడ లేదు.

"నిజం చెప్పెయ్," అంది మిరెల్లా.

"నువ్వు చెప్పు."

ఆమె మీట నొక్కింది. తెర మీద కెప్టెన్ కనిపించగానే, "బాగా చిక్కిపోయాడు," అంది అవ్వ. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. కెప్టెన్ ఇనుప రాకాసితో సహా శత్రువు నౌక మీదికి దూకేసరికి రుమాళ్లు బయటికొచ్చాయి. అప్పుడే తలుపు ధడాలుమంది. చేతిలో నలిగిన కాగితంతో కోసిమో.

"ఒరేయ్ సవేరియో, వాడు చావలేదురా."

"చనిపోయినాయన సభలో అవేం మాటలు?" అన్నాడు ఫాదర్.

"ఆఖర్న తెర మీద పేర్లన్నీ పడేదాకా ఆగండి. చిన్నప్పుడు టీవీలో ఇది చూస్తుంటే వీళ్లమ్మ భోజనానికి కేకేసింది, వీడు మధ్యలో లేచి వెళ్లిపోయాడు."

పేర్లు పడ్డాయి. ఆఖరి పేరు తర్వాత చీకట్లో చిన్న పడవ వెలిగింది. అందులో కెప్టెన్ కళ్లు తెరిచాడు.

"నువ్వన్నదే నిజంరా," అన్నాడు సవేరియో. పక్క కుర్చీ లాగాడు. కోసిమో కూర్చున్నాడు. ఓడిపోతే ఇంత హాయిగా ఉంటుందని సవేరియో ఎన్నడూ అనుకోలేదు. వాడు లేక ఇన్నేళ్లూ ఎంత వెలితిగా ఉండేదో అప్పుడు తెలిసింది.

ఫాదర్ ప్రార్థన పుస్తకం మూసేశాడు. తలలన్నీ అవ్వ వైపు తిరిగాయి.

"ఇందులో వింతేముంది?" అంది అవ్వ. "మొన్న సంతలో నన్ను పలకరించాడుగా."