శనగగింజంత క్రీము

శ్రీరామనవమి ఇంక రెండు రోజులుందనగా, మైదుకూరులో పసుపు వ్యాపారం చేసే రామసుబ్బయ్య పొద్దున్నే లేచి ఆనాటి పనులన్నీ మనసులో సర్దుకున్నాడు. కొట్టు తెరిచి కాసేపు కూర్చోవాలి. దర్జీ దగ్గరి నుంచి పట్టు లాల్చీ తెచ్చుకోవాలి. సాయంత్రం రామాలయానికి వెళ్లి పంతులుగారితో కల్యాణం సంగతి మాట్లాడాలి. అంతే, ఇందులో కష్టపడేది ఏమీ లేదు. ముఖం కడుక్కుందామని దోసెడు నీళ్లు చల్లుకున్నాడు. మిరపకాయలు దంచిన చేత్తో ఎవరో చెంప పగలగొట్టినట్టయింది.

అద్దంలో చూసుకుంటే ముఖం ముఖంలా లేదు. ఎర్రగా కందిపోయి ఉంది. నుదుటి మీదా ముక్కు పక్కనా చర్మం ఉల్లిపొరలాగా లేచి ఉంది.

దీని వెనక పెద్ద కథే ఉంది. ఆ ఏడాది సీతారామకల్యాణంలో పీటల మీద కూర్చునే చీటీ రామసుబ్బయ్య దంపతులకు వచ్చింది. సీతమ్మకు తల్లిదండ్రులుగా కూర్చుని కన్యాదానం చేసే భాగ్యం అది. ఆయన భార్య శ్రీవాసవి కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఏటా చీటీ వేస్తూనే ఉంది. ఏటా వేరేవాళ్ల పేరు వస్తే నవ్వుతూ అక్షింతలు వేసి ఇంటికి వచ్చేది. ఈసారి తన పేరు చదవగానే నవ్వలేదు. ఇంటికొచ్చి, వంటింట్లో నిలబడి కళ్లు తుడుచుకుంది. ధర్మవరం పట్టుచీర కొని, రోజుకొకసారి పెట్టె తెరిచి చూసుకుంటోంది.

రామసుబ్బయ్య బెంగ వేరు. మొన్న అహోబిలం వెళ్లినప్పుడు పూలమ్మే ఆమె శ్రీవాసవితో, "మీ నాయన కాళ్లు నొప్పులంటాండాడేమో, ఈడ కూచోబెట్టు తల్లీ" అంది. శ్రీవాసవి పకపకా నవ్వి అక్కడికక్కడే మరిచిపోయింది. ఆయన మరిచిపోలేదు. ఆమె కంటే పెద్దవాడే, కాదనడు. అయితే ఎండల్లో నిలబడి పసుపు ఆరబోయించిన ముఖం కదా, ఉన్న వయసు మీద ఇంకో పదేళ్లు వడ్డీ వేసినట్టు కనబడుతుంది. ఊరంతా చూస్తుండగా పీటల మీద భార్య పక్కన తండ్రిలా కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు.

సరిగ్గా ఉగాదికి, కడపలో చదువుకుంటున్న కూతురు హరిత ఇంటికి వచ్చింది. ఆమె సామాన్లలో చిన్న ట్యూబు ఒకటి కనబడింది.

"ఇదేందిమ్మా?" అన్నాడు ఏమీ పట్టనట్టు.

"రెటినాల్ నాన్నా. మొటిమల మచ్చలకని చర్మం డాక్టరు ఇచ్చినాడు. ముడతలు గూడా తగ్గుతాయి. మూడు నెలలకు చర్మం కొత్తగా వస్తాది."

"ఎంత పూసుకోవాల?"

"శనగగింజంత చాలు. రాత్రిపూట, అది గూడా దినం మార్చి దినం. పగలు ఎండలో తిరగకూడదు."

హరిత మరునాడు బస్సెక్కింది. ట్యూబు స్నానాల గదిలో మరిచిపోయింది. రామసుబ్బయ్య పుట్టు వ్యాపారి. శనగగింజంత పూస్తే మూడు నెలలకు దిగే సరుకు, నవమి లోపల దిగాలంటే ఎంత పూయాలన్నది ఆయనకు నోటిలెక్క. నిమ్మకాయంత తీసి రాత్రీ పగలూ పూశాడు. పూసుకున్న ముఖంతోనే మిట్టమధ్యాహ్నం కళ్లంలో నిలబడి పసుపు ఎండబోయించాడు. మొదట్లో ముఖం కొంచెం చురచురలాడితే, పని మొదలైందని సంతోషించాడు కూడా.

ఆ పని ఇప్పుడు అద్దంలో కనబడుతోంది. తువ్వాలు కప్పుకుని బయటపడబోతుంటే తల్లి వెంకటలక్ష్మమ్మ ఎదురొచ్చింది. తువ్వాలు లాగి చూసి, రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించింది.

"అమ్మ పోసిండాది రా సుబ్బయ్యా! చిన్నప్పుడు ఊర్లో పిల్లోళ్లందరికీ పోసినా నీకు పోయలా. ఎప్పుడో ఒకనాడు వస్తాదని నేను అప్పుడే అనుకుంటి."

కాదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. కూతురి క్రీము దొంగతనంగా పూసుకున్నానని డెబ్బై ఏళ్ల తల్లికి చెప్పాలి. పక్కనే శ్రీవాసవి కూడా వచ్చి నిలబడింది. తెరిచిన నోరు మూసి, "అదేనేమోమ్మా" అన్నాడు. ఆ ఒక్క ముక్కతో కొంప మునిగింది.

ఆయన కాఫీ తాగేలోపల గుమ్మానికి వేపమండలు వేలాడాయి. వంటింట్లో తాలింపు ఆగిపోయింది. మంచం తీసి చాప వేశారు, చాప మీద వేపాకు పరిచారు. కొట్టుకు తాళం పడింది. వీధిలో ఆడవాళ్లు టెంకాయలు పట్టుకుని వరస కట్టారు. అమ్మవారు పోసిన మనిషి అంటే ఆ నాలుగు రోజులూ అమ్మవారే కదా. నిన్నటిదాకా "ఏమప్పా సుబ్బయ్యా" అన్నవాళ్లు, "చల్లగా చూడు తల్లీ" అని దండం పెడుతుంటే మీసాల రామసుబ్బయ్యకు ఎటు చూడాలో తెలియలేదు. పసుపు రైతు తిమ్మన్న అయితే చాప దగ్గర గొంతు కూర్చుని, "తల్లీ, సరుకు ఇప్పుడు అమ్మేదా, ఆగేదా?" అని అడిగాడు. ఇప్పుడే తనకు అమ్మమని చెప్పడానికి వ్యాపారి మనసు ఉరికింది గానీ, నిజంగా అమ్మవారు వింటుందేమోనన్న భయంతో, "ఆగు నాయనా" అన్నాడు.

మధ్యాహ్నానికి కల్యాణం కమిటీ పెద్ద రాఘవేంద్రప్రసాద్ వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. ఆయనది స్టీలు సామాన్ల కొట్టు. చీటీల్లో రెండో పేరు ఆయనదే.

"అమ్మవారు ఉన్న ఇంటోళ్లు పీటల మీద కూచోకూడదు గదా వదినా. ఏం చేస్తాం, మా ఇద్దర్నీ కూచోమంటాండారు" అన్నాడు. బాధపడుతున్నట్టే అన్నాడు కానీ, చేతిలో కొత్త పట్టుపంచె పొట్లం ఉంది.

"అట్లనేలే అన్నా" అంది శ్రీవాసవి. లోపలికి వెళ్లి, పెట్టె తెరిచి పట్టుచీర మీద చెయ్యి వేసి ఒకసారి నిమిరి, మూత వేసింది. చాప మీది నుంచి రామసుబ్బయ్య అదంతా చూశాడు. ఆయనకు ముఖం మంట కంటే ఆ మూత చప్పుడు ఎక్కువ మండింది.

"అమ్మా, ఇది ఉత్త ఎండదెబ్బేమో" అని గొణిగాడు.

"లెంపలేసుకో! అమ్మను ఎండదెబ్బ అంటాండావా?" అని కసిరింది వెంకటలక్ష్మమ్మ. కొడుకు తప్పుకు ప్రాయశ్చిత్తంగా పసుపూ వేపాకూ కలిపి నూరిన ముద్ద తెచ్చి ముఖమంతా మెత్తింది.

రామసుబ్బయ్య చాప మీది నుంచి నిలువునా లేచాడు. "అమ్మా!" అని కేక పెట్టాడు. గది చుట్టూ గంతులేశాడు. వచ్చినవాళ్లంతా గోడలకు కరుచుకుపోయి, "పూనింది, పూనింది" అని హారతి వెలిగించారు.

"ఏం కావాల తల్లీ? అడుగు!" అంది వెంకటలక్ష్మమ్మ.

ఇంత మంటలోనూ ఆయనకు ఒక ఉపాయం తట్టింది. గొంతు మార్చి, "సుబ్బయ్యా, శ్రీవాసవీ పీటల మీద కూచోవాల! అదే నా కోరిక!" అని ఊగాడు.

రాఘవేంద్రప్రసాద్ పొట్లం చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. "నువ్వు దిగిపోతే గదా తల్లీ వాళ్లు కూచునేది. ఎప్పుడు పోతావు?"

"రేపు పొద్దున్నే పోతా!"

"అట్ల కుదరదు తల్లీ" అంది వెంకటలక్ష్మమ్మ మర్యాదగానే. "మూడు తడవలు వేపాకు నీళ్లు పోయాల. వారం పడుతాది. తొందరపడి పోతే ఊరికి మంచిది కాదు, గమ్మునుండు."

అమ్మవారినే గమ్మునుండమనే మనిషితో ఎవరు వాదిస్తారు? రామసుబ్బయ్య ఊగడం ఆపేశాడు. అప్పుడు శ్రీవాసవి ముందుకొచ్చి, ఆయన కాళ్ల ముందు సాగిలపడింది.

"పీటలు నాకొద్దు తల్లీ. ఇంక జన్మలో చీటీ వేయను. ఆ మనిషికి మాత్రం మంట తగ్గించు. ఆయన బాధ నేను సూడలేకుండా ఉండా" అని ఏడ్చింది.

రామసుబ్బయ్య గుండె కరిగి నీరైపోయింది. చాప మీద కూలబడి, భార్యను లేవదీశాడు.

"అమ్మా లేదు, గిమ్మా లేదు. హరిత ముడతల క్రీము నేను పూసుకున్నా. శనగగింజంత పూయమంటే నిమ్మకాయంత పూసినా."

హారతి పళ్లెం పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది.

"నీకెందుకు రా క్రీము?" అంది తల్లి.

"అహోబిలంలో పూలామె నన్ను ఈమెకు నాయన అనె. పీటల మీద అందరూ అట్లే అనుకుంటారని..." ఇంకా ఏదో అనబోయాడు కానీ వినిపించలేదు. ముందు తిమ్మన్న నవ్వాడు, తర్వాత ఇల్లంతా నవ్వింది. శ్రీవాసవి నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "ఆమె మాటకు ఇంత చేసుకున్నారా? నా కండ్లకు బాగుంటే సాలదా?" అని కొంగుతో ఆయన ముఖం మీది ముద్ద మెల్లగా తుడిచింది.

హరితకు ఫోను చేశారు.

"ట్యూబులో ఎంత మిగిలింది నాన్నా?"

"ట్యూబు మిగిలిందమ్మా."

నవమి నాడు ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు. ధర్మవరం చీరలో శ్రీవాసవి కళకళలాడిపోతోంది. రామసుబ్బయ్య ముఖం ఇంకా ఎర్రగానే ఉంది. పందిట్లో ఉక్క, హోమం పొగ, పచ్చి చర్మం మీద కారే చెమట. కన్యాదానం మంత్రం మొదలయ్యేసరికి ఆయన కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి. తుడుచుకుంటే మంట, తుడుచుకోకుంటే వరద.

వేంపల్లె నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ముసలమ్మ ఒకామె అది చూసి ముక్కు చీదింది. "సూడండమ్మా, సీతమ్మను అత్తగారింటికి పంపాలని ఆ తండ్రి ఎట్ల ఏడుస్తాండాడో! మొగమంతా కందిపాయె. ఇట్లాంటి భక్తి నేను యాడా సూడలా." ఆ మాట ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకింది. అసలు సంగతి తెలియని పొరుగూరి వాళ్లంతా కొంగులు తడుపుకున్నారు, తెలిసినవాళ్లలో కూడా కొందరికి కళ్లు చెమర్చాయి. తండ్రిలా కనబడకూడదని అంత తంటాలు పడ్డ మనిషిని జనం జనకమహారాజంటూ వచ్చి కాళ్లకు దండం పెట్టారు. పక్కన శ్రీవాసవి నవ్వు ఆపుకోలేక తలంబ్రాల పళ్లెం వైపు వంగిపోయింది.

పానకం పంచేటప్పుడు రాఘవేంద్రప్రసాద్ ఆయన్ను ఒక పక్కకు లాక్కెళ్లాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"సుబ్బయ్యా, వచ్చే ఏడు పీటలు మాకే ఖాయం చేసినారు. నాకేమో చచ్చినా ఏడుపు రాదు. ఆ క్రీము యాడ దొరుకుతాదప్పా?"

రామసుబ్బయ్య తీరిగ్గా పానకం తాగి, కడపలో దొరుకుతుందని చెప్పాడు గానీ, ఎంత పూసుకోవాలో మాత్రం చెప్పలేదు.