రెండు జగ్గులు, ఒక ముక్కు

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకి నాలుకరావు వంటింటి గట్టు మీద పన్నెండు నారింజలు, పది నిమ్మకాయలు, చక్కెర డబ్బా, ఒక జిన్ సీసా వరుసగా పెట్టుకుని, పని మొదలుపెట్టే ముందు చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. నాలుకరావు అనేది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. కూల్ డ్రింకుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా రుచి చూసే ఉద్యోగం చేస్తున్నందుకు తోటివాళ్లు పెట్టింది. సీసాలో చక్కెర అర చెంచా అటూ ఇటూ అయినా పట్టేస్తాడని అతనికి పేరు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వం కూడా.

మధ్యాహ్నం పన్నెండున్నరకి డైరెక్టరుగారు భార్యతో సహా భోజనానికి వస్తున్నారు. రుచి విభాగం పెద్దాయన రిటైరై రెండు వారాలైంది, ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. డైరెక్టరుగారు ఊరికే ఎవరింటికీ భోజనానికి వెళ్లే మనిషి కాదు. ఆయనకి బాగా ఇష్టమైనది పుల్లటి పళ్లరసంలో జిన్ పోసి, ఐసు వేసి, నురగలొచ్చేలా మిక్సీలో తిప్పిన పానీయమని నాలుకరావు ముందే వాకబు చేశాడు. ఆయన భార్యకి మందు అలవాటు లేదు, పైగా కారు నడిపేది ఆవిడే. అందుకని జిన్ ఉన్నది ఒక జగ్గు, లేనిది ఒక జగ్గు చెయ్యాలన్నది ఆ ఉదయపు ప్రణాళిక.

అంతా బాగానే ఉంది. బాగా లేనిదల్లా నాలుకరావు ముక్కు. మూడు రోజులుగా జలుబు. పేరు నాలుకదే గానీ రుచి కనిపెట్టడంలో సగానికి పైగా పని ముక్కుది. జలుబు చేసినవాడు ఆ సంగతి పొద్దున్నే చెప్పి పక్కన కూర్చోవాలని ఫ్యాక్టరీలో నియమం ఉంది. కుర్చీ ఖాళీగా ఉన్న రోజుల్లో పక్కన కూర్చోవడం ఇష్టం లేక శుక్రవారం అతను నోరు విప్పలేదు. పన్నెండు నమూనాలు ఇస్తే పన్నెండింటికీ తొమ్మిదికి ఏడేసి మార్కులు వేసి ఇంటికొచ్చాడు. సిగ్గేసింది, ఆ రాత్రి అన్నం కూడా సహించలేదు. ఈ సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలియదు.

భార్య స్కూల్లో సైన్సు టీచరు. "డైరెక్టరుగారు ఒక గుక్క తాగి, ఎలా కుదిరిందయ్యా అని మిమ్మల్నే అడిగితే ఏం చెబుతారు?" అంది.

"అందుకే ముందు పరీక్ష పెట్టుకుంటాను. ఏ జగ్గులో జిన్ ఉందో నేను కనిపెట్టగలిగితే ముక్కు దారిలో పడ్డట్టే."

"దానికి పరీక్షెందుకు? సీసా మూత తీసి వాసన చూడండి."

"సీసాలో జిన్ ఉందని తెలిసి చూస్తే, రాని వాసన కూడా వచ్చినట్టే ఉంటుంది. అది లెక్కలోకి రాదు."

ఇంట్లో ఇంకో మనిషి ఉంది. అత్తగారు వచ్చి వారమైంది. మందు ఉన్న ఇంట్లో ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టదని పెళ్లైన కొత్తలోనే భార్య చెప్పింది. అందుకని సీసాని సబ్బు పొడి సంచీ వెనక దాచి, నాలుకరావు పళ్లు మిక్సీలో వేశాడు. ఐసు నలుగుతున్న చప్పుడుకి అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"ఏం చేస్తున్నారు బాబూ?"

"పళ్లరసం అత్తయ్యా. వచ్చేవాళ్లకి చల్లగా ఉండాలి కదా."

అత్తగారు జగ్గుల వంకా, అల్లుడి వంకా చూసి వెళ్లిపోయింది.

ఇక పరీక్ష. నమూనాలకి ఒకటి, రెండు అని అంకెలు వేస్తే ఒకటో అంకెదే మంచిదని మనసు మొగ్గుతుంది. అందుకని ఫ్యాక్టరీలో దేనికైనా అర్థం పర్థం లేని మూడంకెల నంబరే వేస్తారు. నాలుకరావు గోడకేసి తిరిగి నిలబడ్డాడు. భార్య ఒక జగ్గులో రెండు గ్లాసుల జిన్, రెండోదాంట్లో రెండు గ్లాసుల నీళ్లు పోసింది. స్కూలు కాగితం చించి రెండు చీటీలు చేసి, జిన్ ఉన్నదానికి నాలుగు వందల పదిహేడు, లేనిదానికి ఎనిమిది వందల అరవై రెండు అని రాసి, నాలుకరావుకి కనపడకుండా జగ్గుల అడుగున జిగురుతో అంటించింది. రెండూ ఒకే షాపులో కొన్న ఒకే రకం జగ్గులు. రెండింటినీ ఫ్రిజ్‌లో పెట్టారు.

పది గంటలకి నాలుకరావు జగ్గులు బయటికి తీసి, కళ్లు మూసుకుని, మధ్యలో మంచినీళ్లు పుక్కిలిస్తూ ఒక్కోదాన్నీ మూడేసిసార్లు చప్పరించాడు. రెండూ చల్లగా ఉన్నాయి. అంతకుమించి ఏమీ తెలియలేదు.

"ఎడమ చేతి వైపుది," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

భార్య జగ్గు పైకెత్తి అడుగున చూసింది. చీటీ లేదు. రెండోది ఎత్తింది. దానికీ లేదు. ఐసు చల్లదనానికి జగ్గులు చెమర్చి, జిగురు కరిగి, రెండు చీటీలూ ఫ్రిజ్ అరలోని నీళ్లలో పక్కపక్కనే తేలుతున్నాయి.

"పోనీలే, ఎటువైపు పెట్టావో గుర్తుంది కదా?"

"జిన్‌ది ఎడమ పక్కన పెట్టాను," అంది భార్య. వెంటనే అనుమానం వచ్చి గదివైపు తిరిగింది. "అమ్మా, ఫ్రిజ్‌లో జగ్గులు గానీ కదిపావా?"

"కూరగాయలు పట్టకపోతే తీసి మళ్లీ సర్దానే. ఏం?"

"ఏం లేదు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నాలుకరావు గొంతు తగ్గించాడు. "నువ్వు ఒకసారి చూడు. నీ ముక్కు బాగానే ఉంది కదా."

"రాత్రి నుంచి నాకూ మూసుకుపోయింది. మీ చలవే." ఆవిడ రెండూ రుచి చూసి మొహం చిట్లించింది. "చేదుగా ఉన్నాయి. రెండూ."

అయితే భార్యకి సైన్సు ఉంది. జిన్ కలిసినది త్వరగా గడ్డకట్టదు గనక రెండు గిన్నెల్లో కొంచెం కొంచెం పోసి ఫ్రీజర్‌లో పెడితే గంటలో తేలిపోతుందంది. నాలుకరావుకి ప్రాణం లేచొచ్చింది. ఈసారి ఏ గిన్నె ఏ జగ్గుదో తప్పిపోకుండా జగ్గులకి ఎర్రదారం, నల్లదారం కట్టి, గిన్నెలకీ అవే దారాలు కట్టాడు. పదకొండుంబావుకి ఫ్రీజర్ తెరిస్తే అందులో ఐసు ట్రే ఒక్కటే ఉంది.

"ఆ గిన్నెలా? ఏదో పాడైన రసం దాచినట్టుంటే పారబోసి కడిగేశాను," అంది అత్తగారు, ఉల్లిపాయలు తరుగుతూ. "దారాలు కూడా పడేశాను."

ఇంక గంట పైన పావు ఉంది. మళ్లీ గడ్డకట్టించే ధైర్యం లేక, నాలుకరావు రెండు గ్లాసులు నింపుకుని పై అంతస్తుకి పరిగెత్తాడు. అక్కడ ఒంటరిగా ఉండే రిటైర్డ్ రైలు డ్రైవరుకి మందు సంగతులు బాగా తెలుసునని బిల్డింగంతా చెప్పుకుంటారు. ఆయన విషయం విని, కుర్చీలో సర్దుకుని కూర్చుని, మొదటి గ్లాసు ఆఖరి చుక్కదాకా తాగాడు. ఆ తర్వాత రెండోది కూడా అలాగే తాగాడు.

"ఏ దాంట్లో ఉందండీ?" అన్నాడు నాలుకరావు.

"ఒకదాంట్లో ఉంది."

"అదే, ఏ దాంట్లో?"

"తొందరపడితే ఎలా? ఇంకోసారి తీసుకురా, తేల్చి చెబుతాను."

ఇంకోసారి తీసుకెళ్లాడు. ఈసారి డ్రైవరు చాలా సేపు కళ్లు మూసుకుని, "కుడిచేతి గ్లాసులో," అన్నాడు నిద్రమత్తుగా. నాలుకరావు సంతోషంగా మెట్లు దిగి, సగం దారిలో ఆగిపోయాడు. కుడిచేతి గ్లాసంటే ఎవరి కుడిచేయి? ఎదురెదురుగా కూర్చున్నారు. పైగా ఏ గ్లాసు ఏ జగ్గుదో రాసుకోలేదు. పదకొండేళ్లుగా ప్రతి చుక్కకీ నంబరు వేసినవాడు, అవసరానికి ఒట్టి గ్లాసులు పట్టుకుని పరిగెత్తాడు. మళ్లీ పైకి వెళ్లి అడుగుదామంటే డ్రైవరు గురక మెట్లదాకా వినపడుతోంది.

"ఆవిడకి జిన్ పోస్తే కారు నడిపేదెవరు? ఆయనకి ఒట్టి రసం పోస్తే నీకు ముక్కు లేదా అంటాడు," అన్నాడు భార్యతో. "నా పని అయిపోయింది."

"కొత్తగా నాలుగు నారింజలు తెచ్చి ఆవిడకి విడిగా తీసిద్దాం. లేచి వెళ్లండి ముందు."

ఇంత తేలిక దారి పొద్దుటినుంచీ తట్టనందుకు నాలుకరావు నొచ్చుకునేందుకు కూడా టైము లేదు. చెప్పులు వేసుకుని తలుపు తీశాడు. ఎదురుగా డైరెక్టరుగారు, బెల్లు నొక్కబోతున్న వేలు గాల్లో ఉండగానే నవ్వారు. పక్కన ఆయన భార్య, చేతిలో కారు తాళాలు.

"అరగంట ముందే వచ్చేశాం. ఏమీ అనుకోవు కదా?"

"అయ్యో, ఎంతమాట సార్, రండి," అన్నాడు నాలుకరావు, చెప్పులు విప్పుతూ.

అతిథుల్ని సోఫాలో కూర్చోబెట్టి వెనక్కి తిరిగేసరికి, అత్తగారు ట్రేలో రెండు గ్లాసులు పెట్టుకుని వస్తోంది. ఆవిడ నేరుగా డైరెక్టరు భార్య ముందు ఆగి ఒక గ్లాసు అందించింది. "మీరిది తీసుకోండమ్మా. ఇందులో ఏమీ కలపలేదు." రెండోది డైరెక్టరుగారికిచ్చింది. "మందు కలిపింది ఇదండీ."

డైరెక్టరుగారు ఒక గుక్క తాగి, చేయి చాపి భార్య గ్లాసు తీసుకుని వాసన చూసి, తిరిగి ఇచ్చేశారు. అత్తగారు చెప్పింది నిజమే.

"ఏది ఏదో మీకెవరు చెప్పారండీ?" అన్నారు.

"ఒకరు చెప్పాలా? ఫ్రిజ్ తలుపు తీయగానే తెలిసింది. జగ్గుకి రెండు గ్లాసులు పోసుంటారు. అది సరే గానీ, నారింజ తొక్క కింద తెల్లపొర తీయలేదు, గింజలు కూడా నలిగాయి, అందుకే ఆ చేదు. నిమ్మకాయల్లో ఒకటి మురిగింది."

డైరెక్టరుగారు ఇంకో గుక్క తాగి, నెమ్మదిగా తల ఊపారు. "మీకు అలవాటుందా అండీ?"

"జన్మలో ముట్టలేదు. మా ఆయనకుండేది. ఇరవై ఎనిమిదేళ్లు ఆయన వీధి మలుపు తిరగ్గానే ఏం తాగొచ్చారో, ఎంత తాగొచ్చారో ఇంట్లోంచే చెప్పేదాన్ని." కూతురివైపు తిరిగింది. "మీరు దాస్తున్నారు కదా అని నేనూ తెలియనట్టే ఉన్నాను. పాపం అల్లుడికి మూడు రోజులుగా ముక్కు పని చెయ్యడం లేదు. లేకపోతే ఆ మురిగిన నిమ్మకాయ వెయ్యనిచ్చేవాడా?"

ఆవిడ జాలిపడే అంది. నాలుకరావుకి మాత్రం నేల చీలిపోతే బాగుండుననిపించింది. ఇక దాచడానికి మిగిలిందేమీ లేదు గనక, నిలబడే ఉండి అంతా చెప్పేశాడు. జలుబు, చెప్పకపోవడం, పన్నెండు ఏడులు, పొద్దుటి పరీక్ష, చీటీలు, దారాలు, రైలు డ్రైవరు, ఏదీ వదల్లేదు.

"శుక్రవారం నీ కాగితం చూశాను," అన్నారు డైరెక్టరుగారు. "అసలు ఇవాళ వచ్చింది అందుకే. పన్నెండింటికీ ఏడేమిటా అని."

"తప్పైపోయింది సార్."

"తప్పే. కానీ పాతాయన ఉన్నప్పుడైతే ఏం జరిగేదో తెలుసా? అందరికంటే ముందు తను చప్పరించి తల ఊపేవాడు. ఆ తల చూసి మిగతావాళ్లు మార్కులు వేసేవాళ్లు. తన నాలుక మీద అంత నమ్మకం ఆయనకి. ఆ కుర్చీలో నాకు అలాంటివాడు మళ్లీ వద్దు. ఆదివారం పూట, ఇంట్లో, పెళ్లాం చేత నంబర్లు వేయించుకుని తన మీద తనే పరీక్ష పెట్టుకున్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు. రేపు ఆ పన్నెండూ మళ్లీ చేయించు. జలుబు దాచినందుకు సంజాయిషీ రాసి విభాగం పెద్దకి ఇయ్యి."

"ఎవరు సార్ పెద్ద?"

"నువ్వే."

నాలుకరావుకి అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్లు తడిశాయి, నెపం జలుబు మీదికి తోశాడు.

"ఒక్కటే షరతు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు రుచి చూడకూడదు. ఒక్క చుక్క కూడా. ఫ్యాక్టరీలో నాలుకతో నీకిక పని లేదు."

వచ్చిన సంతోషం అంతలోనే సగమైంది. కోరుకున్న కుర్చీ దొరికింది, పేరు తెచ్చిన పని పోయింది. "మరి నా చోట్లో ఎవరు సార్?" అన్నాడు నీరసంగా.

డైరెక్టరుగారు అప్పటికే ఖాళీ ట్రే పట్టుకుని వంటింట్లోకి వెళ్లబోతున్న అత్తగారి వైపు తిరిగారు. "అమ్మా, వారానికి మూడు పూటలు తీరిక ఉంటుందాండీ?"

"నేను మందు ముట్టనని చెప్పాను కదండీ."

"మేం చేసేది కూల్ డ్రింకులేనమ్మా."

మరుసటి సోమవారం అత్తగారు కొత్త కళ్లజోడు పెట్టుకుని రుచి గదిలో కూర్చుంది. నంబరు తప్ప పేరు లేని నమూనాల్లో ఒకదాన్ని వాసన చూసి పక్కకి నెట్టి, తొమ్మిదికి రెండు మార్కులు వేసి, "దీన్ని డబ్బిచ్చి ఎవరూ తాగరు" అని రాసింది. అది డైరెక్టరుగారు స్వయంగా తయారుచేసిన పానీయం, కంపెనీలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయేదీ అదే. కాగితం అడుగున విభాగం పెద్ద సంతకం పెట్టవలసిన చోట నాలుకరావు కలం అరగంటగా ఆగి ఉంది.