మిల్లీగ్రాముల బేరం

నా కథ వినండి. ముప్పయ్యేళ్ళుగా రాయపురంలో పప్పులు టోకున అమ్ముతున్నాను. ఏ వస్తువు చూసినా నాకు ముందు బరువే కనబడుతుంది. మొన్న ఆదివారం నా కొంప ముంచింది ఆ బుద్ధే.

ఆరోజు క్రికెట్ ఫైనల్. పురసవాక్కంలో తమిళుల ఆడి మాసం చీరల తగ్గింపుకు ఆఖరి రోజు కూడా అదే. నన్ను వెంట రమ్మని మా ఆవిడ కనకవల్లి పట్టు.

పక్కకొట్టు ఎండుమిర్చి ఘాటుకు ఆయాసం వచ్చి నేను ప్రెడ్నిసొలోన్ వాడుతున్నాను. ఆయాసం తగ్గింది. డాక్టరు మందు తగ్గిస్తూ వచ్చి రోజుకు అయిదు మిల్లీగ్రాములకు దించాడు. కొత్త తలరంగు పడక మొహం ఉబ్బిన మా ఆవిడకు డెక్సామెథసోన్, అర మిల్లీగ్రామువి రోజుకు రెండు. రెండూ స్టెరాయిడ్లే.

"ఒంట్లో బాగలేదే, నేను రాలేను."

"నాకు మాత్రం బాగుండాదా? నా మొగం చూసినారా?"

"నీది ఒక మిల్లీగ్రాము జబ్బు. నాది అయిదు!"

"అట్లనా?"

"ఎవరి మందు బలమైందో వాళ్ళు ఇంట్లో పడుకోవాల. రెండోవాళ్ళు చీరలకు పోవాల. సరేనా?"

"సరే, చెయ్యి పెట్టండి."

మా వ్యాపారంలో తుండు కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకుని బేరం ఖాయం చేస్తాం. ఆపైన మాట తప్పినవాడికి బజారులో మొహం చెల్లదు. తుండు కింద ఆవిడ వేళ్ళు నొక్కి, హుషారుగా టీవీ రిమోటు జేబులో వేసుకున్నాను.

ఆవిడ తాపీగా మా అమ్మాయి సింధూరిని పిలిచింది. అది ఫార్మసీ చదువుతోంది.

"నైనా, డెక్సా ఒక మిల్లీగ్రాము అంటే నీ మందు ఆరేడు మిల్లీగ్రాములకు సమానం. ఒంట్లో ఎక్కువసేపు పనిచేస్తాది కూడా. అమ్మదే స్ట్రాంగు."

"అయిదు కంటే ఒకటి పెద్దదా?"

"అందుకే ఒకరి మాత్ర ఇంకొకరు మింగకూడదనేది. దేని పని దానికుండాది."

ఆవిడ వైపు తిరిగాను.

"నీకు ముందే తెలుసా?"

"నిన్ననే దాన్ని అడిగి పెట్టుకున్నా," అంటూ రిమోటు కోసం చెయ్యి చాచింది.

సాయంత్రం పురసవాక్కంలో, వందమంది ఆడవాళ్ళ మోచేతుల మధ్య నలుగుతూ ఫోనెత్తాను. వీడియోలో కనకవల్లి సోఫా మీద కాళ్ళు చాపుకుని మురుకులు నములుతోంది. వెనక స్టేడియం హోరెత్తిపోతోంది.

"ఎవరే అవుటయింది?"

"ముందు ఆ గంధంరంగు చీర అంచు చూపించండి."

చూపించాను.