అరువు పాప తూకం

ఆ ఉదయం పెయింటరు పనికి సెలవు పెట్టి ఆస్పత్రికి బయలుదేరాడు. నెలనెలా పాపను తూకం వేయిస్తేనే తల్లి ఖాతాలో సర్కారు సాయం పడుతుంది. ఒక్క నెల తప్పినా ఆగిపోతుంది. అంతా బాగానే ఉంది గానీ, ఇంట్లో పాపే లేదు. చెయ్యి విరిగిన అమ్మను చూసుకోవడానికి పుట్టింటికెళ్తూ భార్య పాపను వెంట తీసుకెళ్లింది. ఫోను చేస్తే ఎత్తడం లేదు.

"వదినా, మీ పాపను ఒక్కసారి ఇస్తావా? ఇట్టే వెళ్లి అట్టే వచ్చేస్తా," అని పక్కింటావిణ్ని బతిమాలాడు.

"ఏడుపు మొదలెట్టిందంటే ఆపడం నా వల్లే కాదు. నీ ఇష్టం మరి!"

ఆస్పత్రిలో పాప ఏడవలేదు. అదే కొంప ముంచింది. బోసినవ్వులు నవ్వుతూ తూకం బల్ల మీద దర్జాగా కూర్చుంది. బరువు చూసి నర్సు నోరెళ్లబెట్టింది.

"పోయిన నెల పుల్లలా ఉన్న పిల్లేనా ఇది! ఏం పెట్టావయ్యా?"

"ఇంట్లో వండిందేనమ్మా..." అని నసిగాడు.

నర్సు డాక్టరమ్మను పిలిచింది. డాక్టరమ్మ వరసలో ఉన్న తల్లులందరినీ పిలిచింది. "చూడండి, సాయాన్ని సరిగ్గా వాడితే పిల్లలు ఇలా ఉంటారు!" అంటూ పెయింటరును నాలుగు మాటలు చెప్పమంది. నిజం కక్కేద్దామని అతను గొంతు సవరించుకున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంకేముంది, నోరు జారింది. "ఓపిగ్గా తినిపించాలమ్మా. అదే కిటుకు."

పక్కింటి పాపను అప్పగిస్తుండగా భార్య ఫోను చేసింది.

"పొద్దున ఇక్కడే తూకం వేయించానండీ. ఎక్కడైనా చెల్లుతుందట. ఆ హడావిడిలో ఫోను చూసుకోలేదు. పాప బాగా తగ్గిపోయింది. పాలపొడి, మందులు అదనంగా ఇస్తామన్నారు. ఇందాకే మళ్లీ పిలిచి, అక్కడ బరువు బాగుందని నమోదైంది, ఇవ్వడం కుదరదన్నారు. ఏమైందండీ?"

పెయింటరుకు తన పాప సన్నని మణికట్టు కళ్ల ముందు మెదిలింది. దాని నోటి దగ్గరి కూడు తన చేతులతోనే లాగేశాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆమె తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

"వెళ్లి నిజం చెప్పండి," అంది.

పరుగున వెళ్లి, నర్సు ముందు తలదించుకుని అంతా చెప్పాడు. ఆమె తూకం పుస్తకం తెరిచి చూసింది.

"మళ్లీ తూకం వేస్తేనే మార్చడం కుదురుతుంది. రేపు పాపను తీసుకురా," అంది. ఒక్క క్షణం ఆగి, "మీ పాపను," అంది.