ఐలాండ్‌కి ఒక్క ప్లగ్గు

ఎండలు మండిపోయే చాండ్లర్‌లో వంటింటి నేల కింద హీటర్ ఎందుకని అడిగేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. దాహం వేశాక బావి తవ్వమంటారా వీళ్ళు? చలి ఏనాటికైనా అరిజోనాకి రాకపోదు. వచ్చిననాడు మన శేషగిరి ఒక్కడే సిద్ధంగా ఉంటాడు!

శేషగిరి కంప్యూటర్ చిప్‌లు చేసే కంపెనీలో ఇంజనీరు. టెక్సస్‌లోని ప్లేనోలో ఉండే అతని స్నేహితుడు కృష్ణమోహన్ బాత్రూమ్ నేల కింద హీటర్ వేయించి, దానిమీద తన పాదాలు ఆనించిన ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ పాదాలు చూసినప్పటినుంచీ శేషగిరికి ముద్ద దిగలేదు. అయినా బాత్రూమ్‌లో వేయిస్తే చూసేదెవరు? వంటింట్లో అయితే వచ్చినవాళ్ళందరూ తొక్కి చూడాల్సిందే. కిచెన్ రీమోడల్ అలా మొదలైంది.

నిజానికి రీమోడల్ అడిగింది అతని భార్య చాముండేశ్వరి. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచీ మిక్సీ గోడవైపు, ఆవిడ ముఖమూ గోడవైపే. హాల్లో జనం నవ్వుకుంటుంటే ఆవిడ వెనక్కి తిరిగి చూసేలోపు ఆ జోకు అయిపోయేది. వంటింటి మధ్యలో ఐలాండ్ అనే విడిగట్టు కట్టించి, దానికొక్క ప్లగ్గు పెట్టిస్తే నలుగురి ముఖాలు చూస్తూ పచ్చడి చేసుకుంటానంది. అంతే కోరిక.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. శేషగిరి అలాంటివాడు కాదు. అడగనిది కూడా పెడతాడు!

ఐలాండ్‌కి కరెంటు వైరు నేలలోంచే వెళ్ళాలి, అంటే హీటర్ కిందనుంచి. వేడికి వైరు ఎక్కువ లోడు మోయలేదు, మధ్యలో వేడి దిగని మందపాటి షీటు వేద్దామన్నాడు కాంట్రాక్టర్. షీటు వేస్తే వంటింటి నేల హాలుకన్నా కాస్త ఎత్తవుతుంది. మరి లుక్కు పోదూ? వద్దన్నాడు శేషగిరి. అయితే ఐలాండ్‌కి చిన్న బ్రేకర్ పెట్టాల్సి వస్తుంది, లోడు పెరిగితే కరెంటు పోతుందన్నాడు కాంట్రాక్టర్. పోతే మళ్ళీ వస్తుందిలే అన్నాడు శేషగిరి. నేల బాగా కనపడాలని గోడవైపున్న పాత కౌంటర్ కూడా ప్లగ్గులతో సహా పీకించేశాడు.

ఎంత మేలు జరిగిందో చూడండి! ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు ఉడుకుతుండగా మిక్సీ వేస్తే ఠప్పున కరెంటు పోతుంది. దాంతో పప్పున్న పూట పచ్చడి లేదు, పచ్చడున్న పూట పప్పు లేదు. మితాహారం మంచిదని డాక్టర్లు మొత్తుకోవడం లేదూ? పైగా బ్రేకర్ పెట్టె ఇంటి బయట గోడకుంది. ఎన్నడూ వంటలో చెయ్యి పెట్టని శేషగిరి ఇప్పుడు జూన్ ఎండలో, కాలే సిమెంటు మీద, చెప్పుల్లేకుండా గెంతుతూ వెళ్ళి స్విచ్ ఎత్తి వస్తున్నాడు. ఆ సిమెంటు కింద ఏ హీటరూ లేదు సుమా!

శనివారం పార్టీ పెట్టాడు. నేల వెచ్చదనం తెలియాలంటే ముందు ఇల్లు చల్లబడాలి కదా, ఏసీ బాగా చల్లగా పెట్టాడు. ఆడవాళ్ళు కొంగులు కప్పుకున్నారు. వచ్చినవాళ్ళలో రాజారావు సాక్సులు విప్పి నేలమీద నిలబడి, కాశీలో గంగలో దిగినంత తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. వీడియో కాల్‌లో ఉన్న కృష్ణమోహన్‌కి తెలియాలని శేషగిరి ఫోన్‌ని నేలకి ఆనించాడు.

అప్పుడు పార్టీకొచ్చిన శశికళ అడిగింది, చాముండేశ్వరి ఏదని.

శేషగిరి ఇల్లంతా వెతికాడు. ఆవిడ గరాజ్‌లో ఉంది. ఐలాండ్ ప్లగ్గుకి తగిలించిన ఇన్‌స్టంట్ పాట్‌లో బిర్యానీ ఉడుకుతోంది మరి. అట్టపెట్టెల పక్కన మడత బల్ల వేసుకుని, మిక్సీ పెట్టుకుని, చెమటలు కారుతుంటే గోడవైపు తిరిగి పుదీనా పచ్చడి చేస్తోంది.

"ఇక్కడేం చేస్తున్నావ్? అందరూ కిచెన్‌లో ఉన్నారు, రా," అన్నాడు.

ఆవిడ మిక్సీ ఆపింది. "ఉన్నారు. అందరి కాళ్ళూ వెచ్చగా ఉన్నాయి, సంతోషం. నేను అడిగింది కాళ్ళకి కాదండీ. ఆ నలుగురినీ చూస్తూ వండుకుంటానని అడిగాను. ఒక్క ప్లగ్గు."

శేషగిరి మనసు కలుక్కుమంది. ఆవిడ పాదాలకేసి చూశాడు. కటిక సిమెంటు నేల మీద, చెప్పుల్లేకుండా నిలబడి ఉంది పాపం. భార్య కష్టం కళ్ళారా చూశాక కూడా ఊరుకుంటే అతను మనిషేనా?

అక్కడే ఫోన్ తీసి కాంట్రాక్టర్‌కి మెసేజ్ పెట్టాడు, గరాజ్ నేల కింద కూడా హీటర్ వేయాలని.