చెల్లని పైసల చెల్లుబాటు

ఏ వస్తువు విలువా దాని సొంతదారుకు తెలియకూడదన్నది చక్కని పరిపాలనకు మొదటి సూత్రం. ఆ పని చూసుకోవడానికే ప్రాచీన నాణేల విలువ నిర్ధారణ కార్యాలయం పెట్టారు. ఇంతవరకు ఎవరికీ ఏ విలువా తెలియలేదంటే అక్కడ పని ఎంత శ్రద్ధగా సాగుతోందో ఊహించుకోవచ్చు.

బట్టలు కుట్టే కోడలు ఆ కార్యాలయం మెట్లెక్కిన రోజు ఆమె చంకలో గాజు జాడీ ఉంది, జాడీ నిండా పాత పైసలున్నాయి. అత్తగారు పోయేముందు చేతి గాజులు కూతురికిచ్చి, కోడలి ఒళ్లో ఈ జాడీ పెట్టి, "ఇదిగోనే, నీ విలువ" అని కళ్లు మూసింది. ఆ మాట దీవెనో దెప్పిపొడుపో చెప్పకుండానే వెళ్లిపోయింది. (బతికుండగా కూడా ఆవిడ ఏ మాటా తేల్చిచెప్పిన మనిషి కాదు.) మంచాన పడ్డ అత్తగారిని ఎత్తి, దించి, ఏళ్ల తరబడి చాకిరీ చేసిన కోడలికి ఈ సంగతి తేలితే తప్ప కంటిమీద కునుకు పట్టేలా లేదు. పైగా ఆడపడుచు వచ్చినప్పుడల్లా గాజులు గలగలలాడిస్తూ, "నీ విలువెంతో తేలిందా వదినా?" అని అడుగుతోంది.

క్యూలో ముందు నిలబడ్డ పెద్దాయన వాళ్ల తాత పెట్టుకున్న దరఖాస్తుకు జవాబు కోసం వచ్చాడు. దరఖాస్తు పెట్టినప్పుడు ఆ నాణేలు కొత్తవేనట. కార్యాలయం చలవ వల్లే వాటికి ప్రాచీనత అబ్బింది.

కోడలి వంతు వచ్చింది. మొదటి కౌంటర్ గుమస్తా జాడీని తాకకుండానే పరీక్షించాడు. (తాకితే బాధ్యత అంటుకుంటుంది.)

"ఇవి పాతవని ఎవరన్నారమ్మా?"

"చూస్తే తెలియడం లేదా బాబూ? అరిగిపోయాయి కదా!"

"అరిగిపోయినవన్నీ పాతవైతే నా చెప్పులు కూడా అల్మారాలో పెట్టాలి. చెల్లని నాణెమే ప్రాచీనం. చెల్లవని రుజువు పట్రండి."

రుజువు సంపాదించే పద్ధతిని నిబంధనలు ఎంతో దయతో వివరించాయి. దరఖాస్తుదారు ఒక పైసతో ఏదైనా కొట్లో సరుకు కొనబోవాలి. కొట్టతను కాదనాలి. తిట్టి కాదంటే మరీ శ్రేష్ఠం. ఇదంతా కళ్లారా చూడటానికి తిరస్కార పరిశీలకుడు వెంట వస్తాడు. (ఆయన టీ ఖర్చు దరఖాస్తుదారుదే.)

కోడలు తెలిసినచోటే కదా అని తను ఎప్పుడూ దారాలు కొనే కొట్టుకు వెళ్లింది. కొంప ముంచింది అదే. కొట్టు ముసలాయన ఆమె చేతిలో పైస చూశాడు, పక్కన ఆఫీసు మనిషిని చూశాడు. పాపం, చేతిలో డబ్బు ఆడటం లేదు కాబోలు, పరాయివాడి ముందు పిల్ల పరువు పోతుందనుకున్నాడు.

"సరిపోతుందిలేమ్మా" అని దారపుండ ఆమె చేతిలో పెట్టాడు.

"వద్దనండి తాతా! చెల్లదనండి!"

"నీ చేతిలోంచి వచ్చింది చెల్లకపోవడమేంటమ్మా? ఊరుకో" అని సూది కూడా ఊరికే ఇచ్చాడు.

కోడలికి కళ్లనీళ్లు తిరిగాయి. ఆమెతో ఎవరైనా అంత మన్ననగా మాట్లాడి చాలా కాలమైంది. పరిశీలకుడు మాత్రం నాణెం నిరాటంకంగా చెల్లిందని రాసుకున్నాడు.

మొదటి కౌంటర్ తీర్పు చెప్పింది. "ఇది బజార్లో చెల్లే మామూలు చిల్లర. రుసుము పక్క కౌంటర్లో కట్టి వెళ్లండి. సరిపడా చిల్లరే ఇవ్వాలి."

కోడలు పక్క కౌంటర్లో జాడీ వంచింది. అక్కడి ఉద్యోగిని ముక్కుమీద వేలేసుకుంది.

"ఇవేంటమ్మా, తాతల నాటివి! ఇవి చెల్లవు."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. "ఆ మాటే కాస్త రాసివ్వండమ్మా, పుణ్యముంటుంది!"

"మేం నోటితో చెప్పడం వరకే. రాసిచ్చేది మొదటి కౌంటర్."

మొదటి కౌంటర్ మూసి ఉంది. (గుమస్తా చెప్పులు కుట్టించుకోవడానికి వెళ్లాడు.) కోడలు కుట్టుకూలి డబ్బుల్లోంచి రుసుము కట్టి, జాడీతో ఇంటికొచ్చింది.

ఆడపడుచు గాజులు సర్దుకుంటూ కూర్చునుంది. "ఏమైంది వదినా? తేలిందా?"

"తేలింది" అంది కోడలు, కొత్త దారం సూదిలోకి ఎక్కిస్తూ. "ఒక కౌంటర్లో చెల్లుతాయట, పక్క కౌంటర్లో చెల్లవట. మీ అమ్మ సరిగ్గానే చెప్పింది అమ్మాయ్. చాకిరీ దగ్గర చెల్లాను, గాజుల దగ్గర చెల్లలేదు."