తలుపు వెనక మూడు బొట్లు

“ఈ తాలూకాలో నేరమనేది ఇంకా బతికి ఉండాదంటే కారణం ఒకటే ఆదెప్పా. అది ఇంతవరకూ నా కంటపడలే!”

అలా ప్రకటించి గుండప్ప టీ చప్పరించాడు. టీ మాత్రం ఆదెప్పది.

పావగడ బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే అంగడి గుండప్పది. అతను విప్పిన గడియారం మళ్లీ నడిచిన దాఖలా లేదు. అద్దెకు తెచ్చిన డిటెక్టివ్ నవలలు చదివీ చదివీ, కంటికి బిగించుకునే భూతద్దంతో, ఒక ముసలి వకీలు వదిలించుకున్న నల్లకోటుతో అపరాధ పరిశోధకుడైపోయాడు. నిడుగల్లులో తప్పిపోయిన మేకను వారం రోజులు వెతికాడు. ఎనిమిదో రోజు మేక తనంతట తనే ఇంటికొచ్చింది. దాన్ని అతను ‘లొంగిపోవడం’ అంటాడు.

ఆదెప్ప అతన్ని ముప్పై ఏళ్లుగా భరిస్తున్నాడు. భార్య హొన్నమ్మ పోయాక తన అరుగెక్కే మనిషి అతనొక్కడే.

ఆ శనివారం మాత్రం ఆదెప్పకు ఓపిక లేదు. వరసగా రెండేళ్లు వాన మొహం చాటేసింది. వేరుశనగ మూటలుండాల్సిన ముందుగది బోసిపోయింది. శ్రావణ శనివారాలకు శనిదేవుడి గుడికి వచ్చేవాళ్లకు ఆ గది అద్దెకిద్దామని ఆ ఏడే మొదలుపెట్టాడు. ఇది కుదిరితే ఊళ్లో ఉంటాడు. కుదరకపోతే ఎద్దుల్ని అమ్మి, ఇంటికి తాళం వేసి, బెంగళూరులో ఇటుకలు మోయాలి.

అది శ్రావణంలో మూడో శనివారం. పొద్దున్నే ఆ ఒక్క గది ముందు రెండు కుటుంబాలు దిగాయి. మడకశిర నుంచి ఈరప్ప, అతని భార్యాపిల్లలు. చెళ్లకెర నుంచి దాసమ్మ అనే ముసలమ్మ, ఆమె వెనక ఎనిమిది మంది.

“ఈ శనివారం మాదని చెప్పినావు కదన్నా?” అన్నాడు ఈరప్ప.

“చెప్పినా,” అన్నాడు ఆదెప్ప.

“మాకూ చెప్పినారు నాయనా,” అంది దాసమ్మ. “మా అల్లుడు వచ్చి మాట్లాడి పోయినాడు. సాయంత్రం బస్సుకు దిగుతాడు, అడుగు.”

“ఎవరితో మాట్లాడినాడు?”

“ఇంట్లోవాళ్లతోనే అంట.”

“ఈ ఇంట్లోవాణ్ణి నేనొక్కణ్ణే కదమ్మా!”

దాసమ్మ మూట దించి దానిమీదే కూర్చుంది. “అట్లయితే పోయి గుడి మెట్లకాడ కూచుంటాం. ఆదెప్ప మాటమీద నిలబడే మనిషి కాదు, ఆ ఇంటికి పోవద్దండని వచ్చేపోయే వాళ్లకంతా చెప్తాం.”

ఈరప్ప తానూ చెబుతానన్నాడు. ఆ ఒక్క విషయంలో రెండు కుటుంబాలకూ వెంటనే పొత్తు కుదిరింది.

ఆదెప్ప కళ్లముందు ఇటుకలు కనబడ్డాయి.

గుండప్ప భూతద్దం కంటికి బిగించాడు. “ఎవురూ కదలొద్దండి! ఇది ఉత్త గది తగాదా కాదు. దీని వెనక ఒక అజ్ఞాత హస్తం ఉండాది!”

“టీ తాగి పోప్పా నువ్వు.”

“తాగేసినా. ఈ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?”

“నేను.”

“ఇంకా?”

“ఎద్దులు.”

గుండప్ప నోటుబుక్కులో ఎద్దుల్ని రాసుకున్నాడు. వంట, ఎద్దుల కుడితి, గది ఊడ్పు అన్నీ చూస్తూ ఆ ఇంట్లోనే ఉండే ఆదెప్ప అక్క సుంకమ్మ అప్పుడు బోరింగు దగ్గర బిందెల వరసలో నిలబడి ఉంది. ఆమె పేరు ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

పరిశోధకుడు గదిలో దూరి తలుపు మూశాడు. వెనకే ఆదెప్ప. మూటల లెక్క తలుపు వెనక సుద్దముక్కతో రాసుకునే అలవాటు అతనిది. ఇప్పుడు గది అడిగినవాళ్ల పేర్లూ అక్కడే రాస్తున్నాడు. ‘మూడో శనివారం, మడకశిర ఈరప్ప’ అని స్పష్టంగా ఉంది. దాని కింద మూడు ఎర్రటి చుక్కలు. పక్కన ఇంకో నాలుగు.

“రక్తం!” అన్నాడు గుండప్ప.

“కుంకం.”

“రక్తం ఎండితే ఇట్లే ఉంటాది. మూడూ నాలుగూ ఏడు. ఏడు హత్యలు!” వేలితో తీసి నాలుక్కి రాసుకున్నాడు. కాసేపు ఆలోచించాడు. “కుంకమే. అంటే హంతకుడు భక్తుడన్నమాట.”

“శ్రావణంలో తలుపుకు బొట్టు పెట్టని ఇల్లు యాడుండాది? బయటికి నడువు.”

“నువ్వు నడువు. నేరస్తుడు నేరం చేసిన చోటికి తిరిగొస్తాడు. ఈడే మాటేస్తా.”

ముందుగది తలుపు తెరిస్తే వెళ్లి ఆనుకునేది లోపలిగది తలుపుకు. ఆ లోపలిగదిలోనే హొన్నమ్మ విత్తనపు కాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. మూడేళ్ల కిందట ఆమె పోయాక ఆదెప్ప దానికి తాళం వేశాడు. మళ్లీ తీయలేదు. ఆ రెండు తలుపుల మధ్య సందులో గుండప్ప నక్కాడు. నల్లకోటు చెమటకు తడిసి ముద్దయింది.

ఆదెప్ప బయటికొచ్చి రెండు కుటుంబాలకూ బెల్లం ముక్కలు పెడుతున్నాడు. అంతలో సుంకమ్మ వచ్చింది. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. తమ్ముడు నోరు తెరిచేలోగా, రోజూ చేసినట్టే తలుపును తుంటితో ఒక్క తోపు తోసింది.

తలుపు గుండప్పను అదిమింది. గుండప్ప లోపలిగది తలుపును అదిమాడు. తుప్పుపట్టిన గొళ్లెం ఊడి, పరిశోధకుడు దుమ్ములో వెల్లకిలా పడి అరిచాడు.

“దొరికినాడు! హంతకుడు దొరికినాడు!”

“దొంగ నాయాలా!” సుంకమ్మ బిందె ఎత్తబోయి ఆగింది. ఆ కరువు ఏడాదిలో దొంగల మీద పోసేటన్ని నీళ్లు లేవు. బిందెలు భద్రంగా దించి చీపురు అందుకుంది. నాలుగు దెబ్బలయ్యాక గుండప్పను గుర్తుపట్టింది. అయినా ఐదోది వేసింది.

అతన్ని వెలుతురులోకి లాగారు. కోటు ముందుభాగమంతా తిరగబడిన సుద్ద అక్షరాలు, కుంకుమ బొట్లు. తలుపు మాత్రం కడిగినట్టు ఉంది.

సుంకమ్మ గుండె బాదుకుంది. “చెళ్లకెర వాళ్లను కోటుకు పూసుకున్నావు కదరా!”

“చెళ్లకెర వాళ్లు యాడక్కా?” అన్నాడు ఆదెప్ప.

“ఇవిగో, మూడు బొట్లు. మూడో శనివారం. నాలుగంటే నాలుగోది. ఈయమ్మ అల్లుడు వచ్చినప్పుడు నువ్వు చేనికాడ ఉన్నావు. ఎవురన్నా వస్తే రాసిపెట్టక్కా అంటివి. నాకు చదువు యాడిదిరా? నాకు చేతనయ్యేది బొట్టు పెట్టేదే. పెట్టినా.”

“నాకొక మాట చెప్పొచ్చు కదా?”

“నువ్వు నాతో కూచోని మాట్లాడి మూడేండ్లాయ. ఎప్పుడు చెప్పేది?”

ఆదెప్ప వెనక్కి తిరిగాడు. తెరుచుకున్న గదివైపు చూశాడు. మంచం, చేట, మూలన ఒలిచిన పొట్టు. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

దాసమ్మే లేచి తొంగిచూసింది. “ఈ గది మాకు చాలు నాయనా. ఇంత మంచి గదికి తాళమెందుకు వేసినావు?”

“ఊడ్చాల,” అన్నాడు ఆదెప్ప. అక్క చేతిలోంచి చీపురు తీసుకుని తనే లోపలికి వెళ్లాడు.

మధ్యాహ్నానికి రెండు గదుల్లో రెండు కుటుంబాలు సర్దుకున్నాయి. ఒకే పొయ్యిమీద వండుకున్నాయి. గుడి మెట్ల దగ్గర ఈ ఇంటి గురించి వాళ్లు చెప్పబోయే మాట ఇప్పుడు మారిపోయింది.

“నేను ముందే చెప్పలే? అజ్ఞాత హస్తమని!” గుండప్ప రొమ్ము విరిచాడు. “సుంకమ్మక్క హస్తమే అది. కేసు ఖతం!” కోటు దులుపుకోబోయాడు.

“దులపొద్దు!” అక్కాతమ్ముళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు. మూడేళ్లలో వాళ్లిద్దరూ కలిసి అన్న మొదటి మాట అది.

ఇంకా ఏయే శనివారాలకు మాటిచ్చారో ఆ లెక్కంతా ఇప్పుడు ఆ కోటుమీదే ఉంది.

“విప్పు. ఆ చిలక్కొయ్యకు తగిలించు,” అన్నాడు ఆదెప్ప.

“నా కోటప్పా అది!”

“సాక్ష్యం.”

నవలలు చదివినవాడు కనుక గుండప్ప ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాడు. శ్రావణం అయిపోయేదాకా బనియన్‌తోనే పరిశోధనలు చేశాడు. గది కావాలని ఎవరు వచ్చినా ఆదెప్ప అరుగుమీద నుంచే లోపలికి కేక వేసేవాడు.

“అక్కా, కోటు చూసి చెప్పు!”